రిపోర్టు నా ఫోన్లోనే ఉంది

ఒమన్‌లో ఇబ్రా నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు శుక్రవారం, సైటు లేదు. వెనక ఏసీ శబ్దం వస్తే ఏమీ అనుకోకండి, ఆపితే ఈ రూములో పది నిమిషాలు కూర్చోలేం.

నేను డాక్టరును కాను. ఐటీఐ చదివాను, 2008లో ఇక్కడికొచ్చాను, మొదట ప్లంబింగు పని, ఇప్పుడు సూపర్‌వైజరుని. మరి కిడ్నీల గురించి నువ్వేం చెబుతావు అంటారేమో. చెప్పాల్సింది ఒకటుంది. మావాడు పుట్టకముందే వాడి కిడ్నీలు బాగోలేవని రాసిన కాగితం ఫోటో నా ఫోన్లో రెండున్నర నెలలు ఉంది. నేను చూశాను. అర్థం చేసుకోలేదు. ఆ రెండున్నర నెలల సంగతి, ఆ తర్వాత ఈ పదకొండేళ్ళలో డాక్టర్ల దగ్గర నేను నేర్చుకున్నది, మీకు చెబుదామని వచ్చాను.

మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట వైపు. ఉద్దానం అంటే మీలో చాలామందికి తెలుసు. కొబ్బరి, జీడిమామిడి, ఆ తర్వాత కిడ్నీ జబ్బు. మా ఊళ్ళో కిడ్నీ అనే మాట ఎవరూ గట్టిగా అనరు. మా పెదనాన్న డయాలసిస్ మీద రెండేళ్ళు బతికాడు. అలాంటి ఊళ్ళో, 2013 డిసెంబరులో, మా ఆవిడకి ఎనిమిదో నెలలో స్కాను తీస్తే, కడుపులో బిడ్డకి రెండు కిడ్నీల్లోనూ నీరు చేరిందని రాశారు. మూత్రాశయం ఉబ్బి ఉంది, గోడ మందంగా ఉంది, పుట్టాక మళ్ళీ పరీక్ష చేయించాలి అని కూడా ఉంది.

ఆ ఫోటో వచ్చినప్పుడు నేను ఇబ్రా బయట ఒక విల్లా సైట్లో స్లాబు పోయిస్తున్నాను. ట్రాన్సిట్ మిక్సర్ వచ్చి నిలబడింది, పంపు నడుస్తోంది. ఫోటో ఒకసారి చూసి జేబులో పెట్టేశాను. కాంక్రీటు ఆగదు కదా. రాత్రి ఫోన్ చేస్తే మా అత్త తీసింది. "స్కానులోళ్ళు ఏదో ఒకటి రాస్తారు నాయనా, పుడితే అదే పోద్ది" అంది. నాకూ ఆ మాటే కావాలి. "సరే, పుట్టాక చూద్దాం" అన్నాను. అన్నానా, ఇక ఆ సంగతి వదిలేశాను.

2014 జనవరిలో బాబు పుట్టాడు. బరువు బాగానే ఉన్నాడు. మొదటి రోజే ఉచ్చ పోశాడు. ఇంకేముంది, అందరికీ సంతోషం. ఉచ్చ పోస్తున్నాడంటే కిడ్నీలు బాగున్నట్టే అనుకున్నాం. పుట్టిన ఆసుపత్రిలో పాత స్కాను కాగితం ఎవరూ చూపించలేదు, వాళ్ళూ అడగలేదు. బీరువాలో చీరల కింద ఉండిపోయింది.

ఇరవై రోజులకి జ్వరం. దగ్గర్లో ఒక డాక్టరు సిరప్ ఇచ్చాడు, తగ్గింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ సిరప్. జలుబు లేదు, దగ్గు లేదు, ఒట్టి జ్వరం. పాలు తాగడం తగ్గించాడు. నలభై రోజుల పిల్లాడు, పుట్టినప్పటికన్నా పెద్దగా బరువు పెరగలేదు. "బావా, గుంటడికి మళ్ళీ ఒళ్ళు కాలిపోతంది. ఉచ్చ కూడా చుక్కచుక్కగా వస్తంది" అని మా ఆవిడ ఏడ్చింది. ఆ చుక్కచుక్క అనే మాట ఆమె అంతకుముందు కూడా ఒకసారి అంది. నేనే పట్టించుకోలేదు.

ఆ మరునాడు నా కంట్లో సిమెంటు దుమ్ము పడి, ఇక్కడ ఒక క్లినిక్కుకి వెళ్ళాను. అక్కడ ఒక మలయాళీ నర్సమ్మ ఉండేది. ఫోన్లో మాట్లాడుతూ కూర్చున్న నన్ను చూసి ఏమైంది భయ్యా అంది. వచ్చీరాని హిందీలో చెప్పాను. కడుపులో ఉన్నప్పుడు స్కాను తీశారా అంది. అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్లో వెనక్కి వెనక్కి జరిపి ఆ ఫోటో చూపించాను. ఆమె చదివింది. మగపిల్లాడా, రెండు కిడ్నీలా, పుట్టాక స్కాను తీశారా అని మూడే మూడు ప్రశ్నలు అడిగింది. తీయలేదన్నాను. "ఈరోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమను. రేపు కాదు" అంది.

ఆ రాత్రే రైల్లో విశాఖపట్నం తీసుకెళ్ళారు. అక్కడ ఆసుపత్రిలో పాత రిపోర్టు చూసిన పది నిమిషాల్లో మూత్రం పరీక్షకి పంపారు, సన్నటి గొట్టం వేసి మూత్రాశయం ఖాళీ చేశారు. మూత్రంలో ఇన్ఫెక్షను. రక్తంలో క్రియాటినిన్ ఎక్కువ. జబ్బు పేరు పోస్టీరియర్ యురెత్రల్ వాల్వ్స్. మా కంపెనీవాళ్ళు రెండు రోజుల్లో టికెట్ ఇచ్చారు, నేను వెళ్ళేసరికి వాడు ఐసీయూలో ఉన్నాడు. మా అరచేయంత లేడు, ఒంటినిండా గొట్టాలు.

అక్కడ డాక్టరుగారు నా పని ఏమిటని అడిగి, నాకు అర్థమయ్యేలా చెప్పారు. మీకూ అలాగే చెబుతాను, మనందరం సైట్లవాళ్ళమే కదా.

ఒంట్లో రెండు కిడ్నీలు. రక్తాన్ని వడకట్టి మూత్రం తయారుచేస్తాయి. ఒక్కోదాని నుంచి ఒక్కో పైపు కిందికి దిగుతుంది, అవి మూత్రనాళాలు. రెండూ కింద ఒక సంపులో కలుస్తాయి, అది మూత్రాశయం. అక్కడి నుంచి బయటికి ఒకటే అవుట్‌లెట్. మావాడికి ఆ అవుట్‌లెట్‌లో, పుట్టుకతోనే, ఒక పల్చటి పొర అడ్డంగా ఉంది. పూర్తిగా మూసేయదు, కొంచెం కొంచెం వదులుతుంది. అందుకే ఉచ్చ వచ్చింది, మేం మోసపోయాం. కింద మ్యాన్‌హోల్ పూడితే ఏమవుతుందో మీకు తెలుసు. పై అంతస్తు బాత్రూంలో నీళ్ళు తన్నుకొస్తాయి. అలాగే ఒత్తిడి వెనక్కి వెళ్ళి, సంపు గోడ మందమై, పైపులు ఉబ్బి, చివరికి కిడ్నీల్లో నీరు నిలుస్తుంది. నిలిచిన నీళ్ళలో క్రిములు పెరుగుతాయి. ఈ వాల్వుల జబ్బు మగపిల్లలకే వస్తుంది. సుమారు ఐదువేల నుంచి ఎనిమిదివేల మంది మగపిల్లల్లో ఒకరికి.

ఇన్ఫెక్షను తగ్గాక, సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి ఆ పొరని కోసేశారు. పొట్ట మీద కుట్టు ఒక్కటి లేదు. ఆ అడ్డు 1919లోనే అమెరికాలో హ్యూ హాంప్టన్ యంగ్ అనే డాక్టరు విడమరిచి రాశాడట. అంటే వందేళ్ళుగా తెలిసిన జబ్బు. తెలియనిది మాకే.

ఇదొక్కటే కాదు, ఈ లైన్లో పుట్టుకతో వచ్చే లోపాలు చాలా రకాలు. కిడ్నీ నుంచి పైపు మొదలయ్యే జాయింటు దగ్గర ఇరుకుగా ఉండొచ్చు, దాన్ని పీయూజే అబ్‌స్ట్రక్షన్ అంటారు. పైపు సంపులో కలిసేచోట సహజంగా ఒక ఎన్నార్వీలాంటి ఏర్పాటు ఉంటుంది, నీరు వెనక్కి పోకుండా. అది సరిగ్గా లేకపోతే మూత్రం పైకి తన్నుతుంది, దాన్ని రిఫ్లక్స్ అంటారు. ఒకటి నుంచి ఐదు గ్రేడులుంటాయి, చిన్న గ్రేడులు చాలామందిలో వయసుతో పాటు వాటంతటవే సర్దుకుంటాయి. కొందరు ఒకే కిడ్నీతో పుడతారు, సుమారు వెయ్యిమందిలో ఒకరు. ఆ ఒక్కటి బాగుంటే మామూలుగానే బతుకుతారు, కాకపోతే బీపీ, మూత్రం అప్పుడప్పుడు చూపించుకోవాలి. కొందరికి రెండు కిడ్నీలు కింద అతుక్కుని గుర్రపు నాడాలా ఉంటాయి. కొందరికి కిడ్నీ చోటు మారి ఉంటుంది. కొందరికి ఒక కిడ్నీకి రెండు పైపులుంటాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కడుపులో బిడ్డ కిడ్నీలో కొంచెం నీరు ఉందనగానే గుండెలు బాదుకోకండి. ప్రతి వంద గర్భాల్లో ఒకటి రెండింట్లోనైనా స్కానులో ఇలా కనిపిస్తుంది. ఎక్కువమందిలో పుట్టాక దానంతటదే పోతుంది. మా అత్త అన్న మాటలో అబద్ధం లేదు. కానీ ఎవరికి పోతుందో, ఎవరికి పోదో తేల్చేది మళ్ళీ తీసే స్కాను. మేం చేయనిది అదే.

మరి రిపోర్టు మీ ఫోన్‌కి వస్తే ఏం చూడాలి? మన దగ్గర ఐదో నెలలో టిఫా స్కాను అంటారు, 18 నుంచి 20 వారాల మధ్య తీస్తారు. అది మానకండి. అందులో కిడ్నీ మాట ఉంటే నాలుగు విషయాలు అడగండి. ఒక కిడ్నీలోనా, రెండింట్లోనా? ఎన్ని మిల్లీమీటర్లు? మూత్రాశయం ఎలా ఉంది? ఉమ్మనీరు సరిపడా ఉందా? ఏడో నెల దాకా 4 మిల్లీమీటర్ల లోపు, ఆ తర్వాత 7 లోపు ఉంటే సాధారణంగా మామూలుగానే లెక్క. రెండు కిడ్నీల్లో నీరు, ఉబ్బిన మూత్రాశయం, తగ్గిన ఉమ్మనీరు, మగబిడ్డ, ఇవి కలిశాయా, ఆలస్యం చేయకండి. నాలుగో నెల దాటాక ఉమ్మనీరులో ఎక్కువభాగం బిడ్డ పోసే మూత్రమే. అది తగ్గితే బిడ్డ ఊపిరితిత్తులు సరిగ్గా ఎదగవు. అలాంటప్పుడు పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు జరిగేలా చూసుకోవాలి. విశాఖలో కేజీహెచ్, హైదరాబాదులో నిలోఫర్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల సర్జరీ విభాగాలున్నాయి.

పుట్టాక స్కాను ఎప్పుడు? మొదటి రెండు రోజుల్లో బిడ్డకి మూత్రం తక్కువ తయారవుతుంది. అప్పుడు తీస్తే ఉబ్బు కనిపించక అంతా బాగుందని రావచ్చు. అందుకే ఒక వైపు కొంచెం నీరున్న పిల్లలకి కొన్ని రోజులాగి తీస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలకి మళ్ళీ తీస్తారు. మొదటిది బాగుందని రెండోది మానేయకూడదు. వాల్వుల అనుమానం ఉంటే మాత్రం ఆగరు, వెంటనే తీస్తారు.

తర్వాత ఎంసీయూ అని ఒక పరీక్ష ఉంటుంది. సన్నటి గొట్టంతో మూత్రాశయంలోకి మందు ఎక్కించి ఎక్సరే తీస్తారు. మా అమ్మ "పసిగుడ్డుకి గొట్టం ఏస్తారా" అని గొడవపెట్టింది. పైపు లైను వేశాక ప్రెజర్ టెస్టు చేయకుండా గోడకి ప్లాస్టరింగ్ చేస్తామా అని అడిగాను. అమ్మకి ఆ మాట ఏం అర్థమైందో గానీ ఊరుకుంది. డీఎంఎస్‌ఏ అని ఇంకో స్కాను, ఏ కిడ్నీ ఎంత పని చేస్తుందో, ఎక్కడ మచ్చలు పడ్డాయో చెబుతుంది. మావాడికి అందులోనే తెలిసింది, కుడి కిడ్నీ దాదాపు పని చేయడం లేదని. భారమంతా ఎడమదే.

అప్పుడు నేను డాక్టరుగారిని అడిగాను. పుట్టిన వెంటనే తీసుకొచ్చుంటే కుడిది దక్కేదా అని. ఆయన అబద్ధం చెప్పలేదు. "కొంత నష్టం కడుపులోనే జరిగిపోయి ఉంటుంది. కొంత ఈ ఇన్ఫెక్షన్ల వల్ల. ఏది ఎంతో నేను చెప్పలేను" అన్నారు. పదకొండేళ్ళుగా ఆ మాట నాతోనే ఉంది. స్లాబు పోసే ప్రతిసారీ ఆ రోజు గుర్తొస్తుంది. పంపు దగ్గర ఇంకొకణ్ణి నిలబెట్టి ఐదు నిమిషాలు పక్కకెళ్ళి ఆ కాగితం సరిగ్గా చదివి, ఎవరినైనా అడిగి ఉంటే? అడగడానికి ఇబ్రాలో మనుషులు లేక కాదు.

ఇంకో సంగతి. మా ఇంట్లో నింద మా ఆవిడ మీద పడింది. ఉద్దానం నీళ్ళు తాగడం వల్లే అన్నారు. ఇది తప్పు. ఉద్దానంలో పెద్దవాళ్ళకి వచ్చే జబ్బు వేరు. దాని కారణం ఇప్పటికీ తేలలేదు, పరిశోధనలు నడుస్తున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలుపెట్టారు. మావాడిది పైపు తయారవడంలో వచ్చిన లోపం. బిడ్డ కడుపులో పడిన మొదటి రెండు మూడు నెలల్లో ఆ అవయవాలు ఏర్పడేటప్పుడు జరిగేది. తల్లి తిన్న తిండికీ, గ్రహణానికీ, ఎవరి దిష్టికీ సంబంధం లేదు. కొన్ని కుటుంబాల్లో జన్యువుల వల్ల వస్తుంది. ఒక బిడ్డకి రిఫ్లక్స్ ఉంటే తోడబుట్టినవాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరికి ఉండొచ్చు, అందుకే వాళ్ళ సంగతి కూడా డాక్టరుకి చెప్పాలి. తల్లికి షుగరు అదుపులో లేకపోయినా ప్రమాదం పెరుగుతుంది. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్ లాంటి మాత్రలు గర్భంతో ఉన్నప్పుడు వాడితే బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. మీ ఇంటావిడ బీపీ మాత్ర వేసుకుంటుంటే, బిడ్డని అనుకుంటున్నప్పుడే డాక్టరుకి చెప్పి మార్పించండి. సొంతంగా ఆపేయకండి.

స్కానులో ఏమీ రాకపోయినా కొన్ని గుర్తులు పట్టుకోవచ్చు. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం వస్తే, కారణం ఏదైనా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కొంచెం పెద్ద పిల్లలకి జలుబు దగ్గు లేకుండా జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తుంటే మూత్రం పరీక్ష చేయమని అడగండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం తీయాలి, తర్వాత తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. మగపిల్లాడు ఉచ్చ పోస్తే ధార రావాలి. చుక్కలుగా కారినా, ముక్కుతూ పోసినా, పొత్తికడుపు గట్టిగా ఉబ్బి ఉన్నా చూపించాలి. బడికెళ్ళే వయసులో పగటిపూట కూడా నిక్కరు తడుపుకుంటుంటే కొట్టకండి. అది పొగరు కాదు, జబ్బు కావచ్చు.

డబ్బు సంగతి. 2014లో మాకు ఆరోగ్యశ్రీ కార్డు అక్కరకొచ్చింది. ఇప్పుడు ఆంధ్రాలో దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. మీరు ఇక్కడున్నా ఇంటివాళ్ళ కార్డు సరిగ్గా ఉందా, కొత్తగా పుట్టిన బిడ్డ పేరు ఎక్కించారా అని ఇప్పుడే చూసుకోండి, జ్వరం వచ్చాక కాదు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు, చేరకముందే వాళ్ళని కలవమనండి.

ఆపరేషను అయిపోయింది కదా అని మేం ఒకసారి తేలిగ్గా తీసుకున్నాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా కొబ్బరిచెట్లన్నీ పడిపోయాయి. ఆ గందరగోళంలో ఏడు నెలలు చెకప్‌కి తీసుకెళ్ళలేదు. వెళ్ళేసరికి బీపీ పెరిగి ఉంది. ఈ వాల్వుల పిల్లల్లో సుమారు నలుగురైదుగురిలో ఒకరికి పెద్దయ్యేసరికి కిడ్నీలు పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, ఈ మూడూ ఆరునెలలకోసారి చూడాల్సిందే. ఆ కాగితాలన్నీ మా ఆవిడ ఒక ఫైలులో పెడుతుంది, నేను ఫోన్లో ఒక ఫోల్డరులో పెట్టాను. చెకప్ తేదీ నా ఫోన్లో అలారం కొడుతుంది, కాంక్రీటు తేదీలతో పాటు.

సెలవుకెళ్ళేటప్పుడు మనం ఇక్కణ్ణుంచి నొప్పుల మాత్రలు డబ్బాలు డబ్బాలు పట్టుకెళ్తాం. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ బలహీనంగా ఉన్న పిల్లలకి ఇవ్వకూడదు. ఎండలో నీళ్ళు సరిగ్గా తాగకుండా పని చేసి, రాత్రికి ఆ మాత్ర వేసుకునే మన కిడ్నీలకీ అది మంచిది కాదు.

మావాడు ఇప్పుడు ఆరో తరగతి. పొట్టిగా ఉంటాడు, క్రికెట్టులో వికెట్ కీపింగ్ చేస్తాడు. మూడు గంటలకోసారి ఉచ్చకి వెళ్ళాలి, వెళ్ళినా కాసేపాగి రెండోసారి పోయాలి, సంపు ఖాళీగా ఉండాలి కదా. మా ఆవిడ హెడ్మాస్టరుగారితో మాట్లాడి, క్లాసు మధ్యలో వాణ్ణి పంపించేలా ఒప్పించింది. మొన్న వీడియోలో అడిగాడు, "నానా, నాకు ఒక కిడ్నీయేనా?" అని. రెండున్నాయి, ఒకటి పని చేస్తుంది, ఒకటి రెస్టు తీసుకుంటుంది అన్నాను. "అయితే పని చేసేదానికి ఓటీ ఇవ్వాలి" అన్నాడు. గల్ఫోడి కొడుకు కదా.

ఇది వింటున్నవాళ్ళలో ఎవరి ఇంట్లోనైనా కడుపుతో ఉన్నవాళ్ళుంటే, నెలల పిల్లలుంటే, ఇప్పుడే ఫోన్లో పాత రిపోర్టుల ఫోటోలు తీయండి. కిడ్నీ, బ్లాడర్, హైడ్రోనెఫ్రోసిస్ అనే మాటలున్నాయేమో వెతకండి. ఉంటే ఈ రాత్రే ఇంటికి ఫోన్ చేసి, పుట్టాక స్కాను తీశారా అని అడగండి. తీశాం, బాగుంది అంటే హాయిగా పడుకోండి. తీయలేదంటే, ఆ నర్సమ్మ నాతో అన్న మాటే మీకూ. రేపు కాదు.

ఉంటాను. అందరూ జాగ్రత్త. నీళ్ళు తాగండి.